మరియమాత గూడు దగ్గర గుంజ

కొల్లెమోరో ఊరి సైకిలు సంఘంలో అందరికంటే ముందు ఎవరు పోతున్నారన్నది ఎవరికీ పట్టదు. ఆఖరున ఎవరు వస్తున్నారన్నదే ముఖ్యం. ఆ ఆఖరివాణ్ణి చీపురు అంటారు. దారిలో వెనకబడ్డవాళ్ళనీ, టైరు పేలినవాళ్ళనీ, ఫొటోలు తీసుకుంటూ మైమరిచినవాళ్ళనీ ఊడ్చుకుంటూ రావడం వాడి పని. దారి రెండుగా చీలిన ప్రతి చోటా ఇంకొకణ్ణి నిలబెట్టి పోతారు. వాణ్ణి గుంజ అంటారు. వచ్చినవాళ్ళకల్లా చెయ్యి చాపి ఇటు అని చూపించడం తప్ప గుంజకి వేరే పని లేదు. కాని చీపురు వచ్చి "ఇక పద" అనేదాకా గుంజ కదలకూడదు. వాన పడనీ, కడుపు కాలనీ, సాక్షాత్తూ బిషప్పుగారే కారు ఆపి ఎక్కమననీ, కదలకూడదంటే కదలకూడదు. సంఘం పుట్టిన రోజున పెట్టుకున్న నియమం ఇదొక్కటే. మిగతావన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చేశారు.

సెత్తిమియో ముప్పై ఒక్కేళ్ళు చీపురు. ఇంట్లో ఏడుగురిలో ఏడోవాడు. పులుసు గిన్నె అతని దాకా వచ్చేసరికి ఎప్పుడూ అడుగు కనిపించేది. అందుకే కాబోలు, వెనకాల ఉండటం అతనికి ఎన్నడూ నామోషీ అనిపించలేదు. నలభై ఏళ్ళు బూట్ల కార్ఖానాలో సోల్ అంటించే పని చేశాడు కాబట్టి మనుషుల్ని మడమలు చూసి గుర్తుపట్టేవాడు. యాత్ర ఆఖరి రోజున అందరూ ఫొటోకి నిలబడితే ఎవరి మొహం ఎవరిదో అతనికి తెలిసేది కాదు. వెనక్కి తిరిగారంటే చాలు, పేరు పెట్టి పిలిచేవాడు.

వసంతం నుంచి ద్రాక్ష కోతల దాకా నెలకో యాత్ర. ఎక్కడెక్కడి దేశాల నుంచో మనుషులు వచ్చి మా గుట్టల మీద వారం రోజులు సైకిలు తొక్కి పోతారు. వాళ్ళకి కావలసింది మా చర్చీలు కాదు, ద్రాక్షసారా కూడా కాదు. ఖాళీ దారులు. మా తెల్ల కంకర దారుల్లో కారు కనిపించాలంటే ఉత్తరాలు పంచే ఫెర్నాందా అయినా రావాలి, ఎవరైనా చావనైనా చావాలి. గోధుమ చేల మధ్య దారి ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మనిషి అలికిడి ఉండదు. ఆ నిశ్శబ్దం కోసం అంత దూరం నుంచి వస్తారు పాపం. సెత్తిమియోకి అది ఇంట్లో కూర్చున్నా దొరుకుతుంది.

అతని భార్య ఎర్సీలియా పోయి మూడేళ్ళయింది. ఆమె ఇంట్లోనే మిషను మీద బూట్ల పైతోలు కుట్టేది. ఇప్పుడు ఆ మిషను మీద దుప్పటి కప్పి ఉంది. సెత్తిమియో వంటింట్లో నిలబడే తింటాడు. ఒక మనిషి కోసం బల్ల సర్దడం దేనికని. యాత్ర లేని వారాల్లో రోజంతా కలిపి అతను మాట్లాడే మాట ఒక్కటే, రొట్టెల కొట్లో "అరకిలో" అనడం. ఒక సోమవారం ఆ కొట్టు మూసి ఉంది. ఆ రోజు ఆ ఒక్క మాట కూడా లేదు.

అలాంటి వారాల్లో ఒకనాడు నీవెస్ వచ్చింది. సంఘం పెట్టిన గ్వేరినో కూతురు. తండ్రి పోయాక యాత్రలన్నీ ఆ పిల్లే నడుపుతోంది. పిల్ల అంటే ముప్పై నాలుగేళ్ళు. సెత్తిమియో ఎత్తుకు తిప్పిన పిల్ల కాబట్టి అతనికి పిల్లే.

"బాబాయ్, ఒక మాట చెబుతా, తిట్టవుగా?"

"తిట్టే మాటైతే తిడతా. చెప్పు."

"ఈ ఏడు అందరి సైకిళ్ళకీ ఫోన్లు బిగిస్తున్నాం. ఎక్కడ తిరగాలో అదే చెబుతుంది. ఇంక గుంజల అవసరం లేదు. గుంజలు లేనప్పుడు..."

"చీపురు అటక మీదికి."

"నీ మోకాలు కూడా చూసుకోవాలి కదా. పోయినసారి దారిలో అందరూ నీకోసం ఆగారు. చీపురు కోసం జనం ఆగిన యాత్ర ఎక్కడైనా ఉందా, నువ్వే చెప్పు."

నిజమే కాబట్టి సెత్తిమియో తిట్టలేదు. ఆమె ముందు గ్లాసు పెట్టి కాచి ఏళ్ళ తరబడి నిలవబెట్టిన ద్రాక్షసారా రెండు వేళ్ళ లోతు పోశాడు. నీవెస్ మిషను మీది దుప్పటి వంక చూసింది. తర్వాత అతని వంక చూడకుండా మాట్లాడింది.

"ఒక్క చోట మాత్రం ఫోను పనిచెయ్యదు. మరియమాత గూడు దగ్గర చీలిక. సిగ్నల్ చచ్చిపోతుంది అక్కడ. నువ్వు అక్కడ నిలబడు. మీ ఇంటి నుంచి దగ్గరే కదా, మెల్లిగా తొక్కుకుంటూ వచ్చెయ్. ఆఖర్న చీపురుగా నేనే వస్తా, ఇద్దరం కలిసి భోజనానికి పోదాం. ఇది సరిగ్గా కుదిరితే ఏడాది పొడుగునా ప్రతి యాత్రకీ అక్కడ నువ్వే."

"ముప్పై ఒక్కేళ్ళ చీపురుని తీసుకొచ్చి గుంజని చేస్తావుటే?"

"ఉంటావా, ఉండవా?"

"ఉంటాలే. అంత మొహం మాడ్చుకోకు."

ఆమె వెళ్ళిపోయాక సెత్తిమియో గ్లాసు కడిగి బోర్లించాడు. తనకి మిగిలింది ఆ ఒక్క చీలిక. అది కూడా పోతే రొట్టెల కొట్టు తప్ప ప్రపంచంలో తనకోసం చూసే చోటు ఇంకోటి ఉండదని అతనికి తెలుసు. అందుకే ఒప్పుకున్నాడు. లేకపోతే ఊళ్ళో ఎన్ని చీలికలున్నా సరే, ఆ గూడు దగ్గర నిలబడటం మాత్రం అతనికి ఇష్టం లేదు.

పదకొండేళ్ళ కిందట ఒక సెప్టెంబరులో అక్కడ గుంజగా ఎర్సీలియా నిలబడింది. ఆరోజు ఒక డచ్చి ఆయన టైరు పేలింది. పేలడమంటే మామూలుగా కాదు, అతుకు వెయ్యడానికి కూడా పనికి రాకుండా చీరుకుపోయింది. చీపురుగా సెత్తిమియో అతని పక్కన ఉన్నాడు. పైకెక్కి గూడు మీదుగా తిరిగి రావడం ఆ సైకిలుతో అయ్యే పని కాదు. వాగు పక్కన కింద దారి ఉంది, చదునుగా మిల్లు దాకా పోతుంది, అక్కడ గ్వేరినో వ్యాను ఆగి ఉంటుంది. ఆ దారిన సైకిళ్ళు నడిపించుకుంటూ పోయారు. మిల్లు దగ్గర టైరూ సైకిలూ వ్యానులో పడేశారు. అక్కణ్ణుంచి భోజనాలకి పోయారు. సెత్తిమియో రెండోసారి వడ్డించుకుని తింటుండగా గ్వేరినో బల్ల మీద ఖాళీ పళ్ళెం చూసి, "ఇదెవరిది? ఎర్సీలియా ఏదీ?" అన్నాడు. అడిగింది గ్వేరినో. మొగుడు కాదు.

నాలుగు గంటలు నిలబడింది ఆమె. మధ్యలో ఒక వాన పడి వెలిసింది కూడా. సెత్తిమియో ఆయాసపడుతూ గుట్ట ఎక్కేసరికి ఆమె అప్పటికే సైకిలెక్కి ఎదురు వస్తోంది. అతను వంద సంజాయిషీలు చెప్పాడు. ఆమె అన్నది ఇంతే:

"ఎవరికో టైరు పేలిందేమో అనుకున్నా."

"మేం కింద దారిన పోయాం ఎర్సీ. నీకు కనబడలేదా?"

"లేదే. నాకు కనబడలేదు."

అంతే. అరవలేదు, అలగలేదు. ఇంటికెళ్ళి తల తుడుచుకుని మిషను ముందు కూర్చుంది. సంఘంలో మాత్రం ఏళ్ళ తరబడి అదే వేళాకోళం. ఎవరైనా ఎక్కడైనా ఎక్కువసేపు నిలబడితే "ఎర్సీలియా అయ్యావా ఏం?" అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. మరుసటి ఏడు మోకాళ్ళ నొప్పులని చెప్పి సైకిలు ఎవరికో ఇచ్చేసింది. సెత్తిమియో నమ్మాడు. ఒకసారి, పోవడానికి కొన్నాళ్ళ ముందు, తోలు కుడుతూ కుడుతూ తనలో తాను అనుకుంటున్నట్టు అంది:

"ఆ టైరు మెడలో దండలా వేసుకుని పాడుకుంటూ పోయేవాడివి. పెళ్ళికొడుకులా ఉన్నావు."

గ్వేరినో ఎవరికో చెబుతుంటే వినుంటుందిలే అనుకుని అతనూ నవ్వి ఊరుకున్నాడు.

యాత్ర రోజు వచ్చింది. మే నెల ఆఖరు, చెర్రీ పళ్ళ రోజులు. సెత్తిమియో పదింటికే గూడు దగ్గరికి చేరాడు. ఇటుకలతో కట్టిన చిన్న గూడు, లోపల రంగు వెలిసిన మరియమాత, ముందర ఎవరో గాజు సీసాలో పెట్టిన అడవి పూలు. దారి అక్కడ రెండుగా చీలుతుంది. పన్నెండు మంది అని నీవెస్ చెప్పింది. పదకొండు గంటలకి మొదటివాళ్ళు వచ్చారు. అతను చెయ్యి చాపి కుడివైపుకి పంపాడు. నార్వే నుంచి వచ్చిన ఒక పెద్దాయన సీసా ఖాళీ అయిందని సైగ చేస్తే తన సీసాలోని నీళ్ళు పోశాడు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. సెత్తిమియో ఆయన మడమలు చూశాడు. మంచి తోలు, కుట్టు మాత్రం నాసిరకం.

పదకొండు మంది వెళ్ళారు. ఇక రావలసింది ఒక బెల్జియం ఆవిడ, ఆవిడ వెనక చీపురుగా నీవెస్. పన్నెండు కొట్టింది ఊళ్ళో చర్చి గంట. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

ముప్పై ఒక్కేళ్ళలో సెత్తిమియో ఆ గూడు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు. చీపురు ఆగడు. కాలు కింద పెట్టకుండానే "ఇక పద" అని కుడికి తిరిగిపోతాడు. దారి మీంచి చూస్తే గూడు గోడ, దాన్ని ఆనుకుని ముళ్ళ పొద, అంతే కనిపిస్తాయి. నీడ ఎక్కడుందా అని వెతుక్కున్నవాడికే గూడు వెనక రాతి అరుగు ఉందని తెలుస్తుంది. అతను ఇప్పుడు వెతుక్కున్నాడు. వెళ్ళి కూర్చుని, చెమట తుడుచుకుని, తలెత్తాడు.

కింద దారి మొత్తం కాళ్ళ కింద పరిచినట్టు కనిపించింది. వాగు, వాగు వెంట పొడుగాటి చెట్లు, చెట్ల పక్కన తెల్లగా దారి, దూరంగా మిల్లు కప్పు. ఆ దారి మీద ఇద్దరు మనుషులు. ఒకరు ఆ బెల్జియం ఆవిడ, కుంటుతూ సైకిలు నడిపించుకుంటోంది. రెండోది నీవెస్. ఎర్ర చొక్కా. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తోంది. దారి పక్కన చెర్రీ చెట్టు కొమ్మ వంచి పళ్ళు కోసి ఆవిడకి ఇచ్చింది, తనూ తింది. కారూ బండీ లేని చోటు కదా, మాటలు పైదాకా వచ్చాయి.

"ఇంకాస్త దూరమే, మిల్లు దాటామంటే భోజనమే," అంటోంది నీవెస్, తనకొచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలు మా భాషలో కలిపి. ఆవిడ ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

సెత్తిమియో లేచి నిలబడ్డాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు, నీవెస్ తలెత్తి చూస్తుంది, నెత్తి కొట్టుకుంటుంది, పరుగెత్తుకుంటూ వస్తుంది. కేక మాత్రం వెయ్యలేదు. పిలిస్తే వస్తుంది, అందులో సందేహం లేదు. పిలవకుండా వస్తుందా? అది తెలుసుకోవాలనిపించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ క్షణాన అతనికి ఇంకేదీ లేదు. చేతులు దించుకుని మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు. ఎర్ర చొక్కా చెట్ల చాటుకి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది టైరు.

ఆ చిరిగిన టైరు అతను మెడలో వేసుకున్నది కింద దారి మీదే. డచ్చి ఆయన దిగులుగా ఉంటే నవ్వించడానికి వేసుకున్నాడు, ఒక పెళ్ళి పాట కూడా అందుకున్నాడు. మిల్లు దగ్గరికి రాకముందే తీసేశాడు. మెడలో ఉండగా గ్వేరినో దాన్ని చూడలేదు. డచ్చి ఆయన తప్ప ఎవరూ చూడలేదు, ఆయనకి మా భాష ఒక్క ముక్క రాదు. దండలా వేసుకున్నాడని, పాడాడని తెలియాలంటే ఈ అరుగు మీద కూర్చుని ఉండాలి.

ఎవరికో టైరు పేలిందేమో అనుకున్నా అని కదూ అంది. అనుకోవడమేమిటి, చూసింది. మొగుడు కింద నుంచి నవ్వుకుంటూ, పాడుకుంటూ, తనని మరిచిపోయి పోవడం కళ్ళారా చూసింది. పిలిస్తే వినిపించేది. పిలవలేదు. వస్తాడా రాడా అని కూర్చుంది. వాన పడినా కూర్చుంది.

సెత్తిమియో ఏడ్చాడు. చుట్టుపక్కల మైలు దూరంలో మనిషి లేడు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు. ఈ మూడేళ్ళూ ఒంటరితనమంటే తనదేనని అనుకున్నాడు. మిషను చప్పుడు లేని ఇల్లు, నిలబడి తినే తిండి, అవన్నీ పెద్ద కష్టాలనుకున్నాడు. ఆ వాన రోజు తర్వాత ఎనిమిదేళ్ళు ఆమె అతని ఎదురుగా కూర్చుని, అతనికి వడ్డిస్తూ, అతని వేళాకోళాలకి నవ్వుతూ, ఆ నాలుగు గంటల్ని ఒక్కతే మోసింది. అతను పక్కన ఉండగానే మోసింది.

ఒంటి గంట దాటాక కంకర మీద చక్రాల చప్పుడైంది. సెత్తిమియో గబుక్కున లేచి దారి మీదికి వచ్చాడు. ఉత్తరాల కారు. ఫెర్నాందా అద్దం దించింది.

"ఏం సెత్తిమియో, మొక్కుకున్నావా ఏంటి?"

"చీపురు కోసం చూస్తున్నా."

"ఇంట్లో చీపురు లేకపోతే కొట్లో కొనుక్కోవాలి గాని, కొండెక్కి కూర్చుంటే వస్తుందా? రా, దింపేస్తా."

"వద్దులే. వస్తారు."

ఫెర్నాందా అతని కళ్ళు చూసింది. ఇంజను ఆపేసింది.

"మీ ఆవిడ కూడా ఒకసారి ఇట్టాగే కూర్చుంది. సైకిలు కనబడి దిగి చూశా, గూడు వెనక అరుగు మీద, వానలో. ఎక్కమంటే ఎక్కలేదు."

"ఏమంది?"

"'మా ఆయన వస్తాడు' అంది. ఎవరికీ చెప్పొద్దంది. ఇప్పుడు పోయింది కదా, చెబితే ఏంలే." తాళం మీద చెయ్యి వేసి, "మరి, నేను వెళ్ళి ఎవరికైనా చెప్పనా?" అంది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు సెత్తిమియో.

కారు వెళ్ళిపోయింది. సంచిలో రొట్టె ఉంది, దాని మీద వెన్నలా మెత్తటి పంది మాంసం ముద్ద పూసుకుని తెచ్చుకున్నాడు. తినబుద్ధి కాలేదు. రెండు కొట్టింది. మూడు కొట్టింది. మూడు కొట్టినప్పుడు, మొదటివాళ్ళు వచ్చినప్పటి నుంచి లెక్కేస్తే ఎర్సీలియా నిలబడ్డ నాలుగు గంటలూ తనకి నిండాయి అనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి నిమిషమూ కొంచెం భయంగా గడిచింది. నీవెస్ రాదేమో. సాయంత్రం అవుతుంది, తనే లేచి ఇంటికి పోతాడు, రేపు రొట్టెల కొట్లో అరకిలో అంటాడు, తను ఎక్కడున్నాడో ఎవరూ అడిగి ఉండరు. మనిషి బతికుండగానే ఇలా అయిపోవచ్చునని అతనికి ఇంతకుముందు తట్టలేదు.

నాలుగు కావస్తుండగా వ్యాను వచ్చింది. నీవెస్ తలుపు తెరిచి పెట్టి, ఇంజను ఆపకుండానే దిగింది. మొహం కందిపోయి ఉంది.

"బాబాయ్, తప్పయిపోయింది. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావా?"

"పర్లేదు. ఆవిడకి కాళ్ళు పట్టేశాయేమో అనుకున్నా."

"అవును, పట్టేశాయి. నడవలేకపోయింది. కింద దారిన తీసుకుపోయా. అసలు నాకు... నాకు గుర్తే రాలేదు బాబాయ్. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ నార్వే ఆయన అడిగాడు, నాకు నీళ్ళు పోసిన పెద్దాయన భోజనానికి రాలేదేమని."

"అప్పుడేం చేస్తున్నారు?"

"కాఫీ తాగుతున్నాం," అని తల దించుకుంది.

సెత్తిమియో తల ఊపాడు. నీవెస్ అతని సంచి తేవడానికి గూడు వెనక్కి వెళ్ళింది. సంచి చేతిలోకి తీసుకుని, కిందికి చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఇక్కణ్ణుంచి అంతా కనబడుతుందే. మేం పోతుంటే చూడలేదా నువ్వు?"

ఎర్సీలియా ఎందుకు దాచిందో ఆ నాలుగు గంటల్లోనూ సెత్తిమియోకి అంతుపట్టలేదు. క్షమించిందేమో అనుకున్నాడు, శిక్షించిందేమో అనుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్ల ఎదురుగా నిలబడి అడుగుతుంటే తెలిసింది. రెండూ కాదు. చూశానంటే, చూసి ఎందుకు పిలవలేదో చెప్పాలి. నన్ను గుర్తుపెట్టుకున్నారా లేదా అని కూర్చున్నానని చెప్పాలి. ఆ మాట చెప్పుకోవడానికి మనిషికి సిగ్గు. కన్నవాళ్ళకైనా, కట్టుకున్నవాళ్ళకైనా చెప్పలేనంత సిగ్గు.

"లేదు తల్లీ," అన్నాడు. "నాకు కనబడలేదు."

నీవెస్ నమ్మింది. ఒకప్పుడు తను ఎంత తేలిగ్గా నమ్మాడో అంత తేలిగ్గా నమ్మింది. ఊపిరి తీసుకుని, కళ్ళు తుడుచుకుని, అతని సైకిలు ఎత్తి వ్యానులో పెట్టింది.

"ఎక్కు బాబాయ్, పోదాం."

సెత్తిమియో కదల్లేదు.

"ఏంటి?"

"అనాల్సిన మాట అనలేదు నువ్వు."

నీవెస్‌కి ఒక క్షణం పట్టింది. తర్వాత, చిన్నప్పుడు తండ్రి నేర్పినట్టే, చెయ్యి ఎత్తి అంది:

"ఇక పద."

అతను వ్యాను దాకా నడిచి, ఒక కాలు లోపల పెట్టి, ఆగాడు. ఆ రోజు వంద సంజాయిషీలు చెప్పాడు గాని ఎర్సీలియాతో ఈ ఒక్క మాట అనలేదు. ఆమె అప్పటికే సైకిలెక్కి ఎదురొచ్చింది కదా, అనాలని తోచలేదు. కాలు దించి వెనక్కి వెళ్ళాడు. గూడు వెనక అరుగు ఖాళీగా ఉంది, ఎండ దాని సగం దాకా వచ్చింది.

"ఇక పద, ఎర్సీ," అన్నాడు.

వ్యాను దగ్గరికి వచ్చి ఎక్కి కూర్చున్నాడు. నీవెస్ అద్దంలోంచి చూసింది.

"ఎవరితో మాట్లాడి వచ్చావు బాబాయ్?"

"ఎవరితోనూ కాదులే. బండి పోనీ."